మయస్థీనియా మందులు ఏళ్ళ తరబడి వాడటం ఎలా: గంటల మందు, వారాల మందు, నెలల మందు

“అజోరాన్ మొదలుపెట్టి రెండు నెలలైంది. రెప్ప ఇంకా వాలుతూనే ఉంది. మానేయనా?”

“గ్రావిటర్ వేసుకుంటే కాసేపు బాగుంటోంది. మూడు గంటలు దాటితే మళ్ళీ మామూలే. మందు పనిచేయట్లేదంటారా?”

“స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బింది. ఇప్పుడు బాగానే ఉన్నాను కదా, ఆపేస్తే ఏమవుతుంది?”

ఈ మూడింట్లో ఏదో ఒకటి వినని వారం లేదు. న్యూరాలజీ ఓపీ బయట బెంచీ మీద పరిచయమైనవాళ్ళు, వాళ్ళ బావమరుదులు, ఆ బావమరుదుల ఆఫీసువాళ్ళు ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికి అరగంట చెప్పే బదులు ఒకసారి రాసిపెడితే నాకూ గొంతు మిగులుతుంది. ఈ జబ్బులో ఎక్కువసేపు మాట్లాడితే మాట ముక్కులోంచి వస్తుందని మీకు చెప్పక్కర్లేదు.

నేను డాక్టర్ని కాను. పదకొండేళ్ళుగా హైదరాబాద్‌లో మయస్థీనియా గ్రావిస్‌తో, దాని మందులతో కాపురం చేస్తున్న మనిషిని. డోసు పెంచడం, తగ్గించడం, ఆపడం డాక్టర్ పని. వాళ్ళు రాసిచ్చింది సరిగ్గా వేసుకోవడం, పరీక్షలు తప్పకుండా చేయించుకోవడం, తేడా వస్తే గుర్తుపట్టి చెప్పడం మన పని. ఇక్కడ రాసేది ఈ రెండో భాగం గురించే.

సిద్ధాంతం రెండు ముక్కల్లో: నరం చెప్పిన మాట కండకు చేరే చోట మన ఒంట్లో పుట్టిన యాంటీబాడీలే అడ్డం కూర్చుంటాయి. అందుకే పొద్దున బాగున్న కండ వాడేకొద్దీ అలిసిపోతుంది. ఇంతకంటే ఎక్కువ తెలియకపోయినా మందులు సరిగ్గా వాడొచ్చు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

- ఒక నోటుపుస్తకం. ఫోన్ యాప్ కంటే ఇదే మేలు. డాక్టర్ ముందు తెరిచి పెట్టడం సులువు.
- ఫోన్‌లో అలారాలు.
- ఒక ఫైలు. అందులో యాంటీబాడీ రిపోర్టు (ఏసీహెచ్‌ఆర్, మస్క్ అనేవి ఆ యాంటీబాడీల్లో రెండు రకాలు; మీది ఏసీహెచ్‌ఆర్ పాజిటివా, మస్క్ పాజిటివా అన్నది ముఖ్యం), ఛాతీ సీటీ స్కాన్ రిపోర్టు, రక్తపరీక్షలు తేదీల వరసలో, చివరి మూడు మందుల చీటీలు. ఆరోగ్యశ్రీ కార్డో ఇన్సూరెన్స్ కాగితమో ఉంటే దాని నకలు కూడా.
- స్టెరాయిడ్ వాడుతుంటే బీపీ మిషను, షుగర్ చూసుకునే మిషను.
- జేబులో పట్టే ఒక కార్డు. దాని సంగతి ఐదో మెట్టులో.
- ఇదంతా తెలిసిన ఇంకో మనిషి ఇంట్లో. అన్నిటికంటే ఇది ముఖ్యం. మాట రాని పూట మన తరఫున మాట్లాడేది వాళ్ళే.

1. చీటీలోని మందుల్ని మూడు కుప్పలుగా విడదీయండి

నోటుపుస్తకం మొదటి పేజీలో మూడు గళ్ళు గీయండి.

గంటల మందు: పిరిడోస్టిగ్మిన్. గ్రావిటర్, మెస్టినాన్ లాంటి పేర్లతో దొరుకుతుంది. వేసుకున్న అరగంట, ముప్పావుగంటలో పని మొదలుపెట్టి మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. ఇది జబ్బును తగ్గించదు, ఆ పూట గడిపిస్తుంది.

వారాల మందు: ప్రెడ్నిసోలోన్. వైసోలోన్, ఒమ్నాకార్టిల్ పేర్లు విని ఉంటారు. సాధారణంగా కొన్ని వారాల్లో గుణం కనిపిస్తుంది. పూర్తి ఫలితానికి నెలలు పడుతుంది.

నెలల మందు: అజాథయోప్రిన్ (అజోరాన్, ఇమ్యురాన్), మైకోఫెనోలేట్ లాంటివి. ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర. అవును, ఏడాదిన్నర.

పైన రాసిన మూడు ప్రశ్నలూ ఒక మందును ఇంకో మందు గడియారంతో కొలవడం వల్ల పుట్టినవే. మూడు గంటల్లో దిగిపోయిన గ్రావిటర్ పాడైపోలేదు, దాని డ్యూటీ అంతే. రెండు నెలలకు గుణం చూపని అజోరాన్ దండగ కాదు, ఇంకా దాని వంతు రాలేదు. స్టెరాయిడ్ వల్ల బాగుంటే, బాగుంది కాబట్టి ఆపేయడం నిచ్చెన ఎక్కి నిచ్చెన తీసేయడమే.

ప్రతి మందు పక్కన మొదలుపెట్టిన తేదీ, డోసు మారిన ప్రతి తేదీ రాయండి. “ఎప్పటినుంచి వాడుతున్నారు?” అని డాక్టర్ అడిగితే “చాన్నాళ్ళయింది సార్” అనే జవాబు ఎవరికీ పనికిరాదు.

2. గంటల మందును తిండికి ముందు పెట్టుకోండి

ఎక్కువమంది ఈ మాత్రను “పొద్దున, మధ్యాహ్నం, రాత్రి” అని అన్నం తిన్నాక వేసుకుంటారు. నమలడం, మింగడం కష్టంగా ఉన్నవాళ్ళకు అది తలకిందుల లెక్క. తిండి అయిపోయాక బలం వచ్చి ఏం లాభం? డాక్టర్ వేరే ఏమీ చెప్పకపోతే తినడానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకునేలా అడిగి మార్పించుకోండి. మటన్ బిర్యానీ తినాలనుంటే మాత్ర పనిచేస్తున్న గంటలో తినండి. రాత్రి పొద్దుపోయాక పెరుగన్నం, మెత్తగా కలిపిన పప్పన్నం చాలు.

ఖాళీ కడుపున వేసుకుంటే కొందరికి కడుపులో మెలిపెడుతుంది. అప్పుడు రెండు ఉస్మానియా బిస్కెట్లో, ఒక అరటిపండు ముక్కో, కొన్ని పాలో తీసుకుని మాత్ర వేసుకోండి. నాకు బిస్కెట్‌తోనే కుదిరింది. ఛాయ్‌లో ముంచితే మింగడమూ తేలిక.

ఒక డోసు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకుని, తర్వాతి డోసుకు అక్కణ్ణుంచి మళ్ళీ గంటలు లెక్కపెట్టండి. రెండు కలిపి వేసుకోవద్దు.

180 మిల్లీగ్రాముల ఎస్ఆర్ మాత్ర వేరు, మామూలు 60 మిల్లీగ్రాముల మాత్ర వేరు. ఎస్ఆర్ నెమ్మదిగా కరిగేది. దాన్ని పొడి చేయకూడదు, నమలకూడదు. మింగడం కష్టమైతే డాక్టర్‌కి చెప్పండి, రోట్లో వేసి నూరకండి.

జాగ్రత్త: బలం చాలట్లేదని మీ అంతట మీరు ఇంకో మాత్ర, ఇంకో మాత్ర అని పెంచుకుంటూ పోవద్దు. ఈ మందు ఎక్కువైనా కండలు నీరసిస్తాయి. అప్పుడు నీరసం జబ్బు వల్లా, మందు వల్లా అన్నది తేల్చుకోవడం డాక్టర్‌కే కష్టం. నోట్లో ఊట ఊరిపోవడం, చెమటలు, నీళ్ళ విరేచనాలు, కండలు తమంతట తాము అదరడం, కళ్ళ నీళ్ళు కనిపిస్తే మందు ఎక్కువైందేమోనని అనుమానించాలి. పొలంలో పురుగుమందు కొట్టి పడిపోయినవాళ్ళలోనూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. ఆ మందుల్లో చాలావాటిదీ మన మాత్రదీ ఒకే ఎంజైమ్ మీద దెబ్బ. మస్క్ పాజిటివ్ ఉన్నవాళ్ళకు చిన్న డోసుకే ఇలా అవ్వొచ్చు, పైగా వాళ్ళలో చాలామందికి ఈ మందుతో పెద్ద గుణం ఉండదు. అందుకే ఆ రిపోర్టు ఫైల్లో పైనే ఉండాలన్నాను.

ఇంకో సంగతి: ఈ మాత్ర తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో నెల మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకోవద్దు. ఏ రోజువి ఆ రోజు తీసుకోండి.

పనిచేస్తోందో లేదో చూడటం ఎలా? మాత్రకు ముందు ఒక సెల్ఫీ, గంట తర్వాత ఇంకో సెల్ఫీ. అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో, నేరుగా కెమెరాలోకి చూస్తూ. రెప్ప ఎంత లేచిందో ఫోటో చెబుతుంది. అద్దం ముందు మన మనసు చెప్పేది నమ్మకండి. టెన్షన్‌లో ఉన్నరోజు రెండు కళ్ళూ మూసుకుపోతున్నట్టే ఉంటుంది.

3. స్టెరాయిడ్: మొదలూ చివరా జాగ్రత్త

మొదటి రెండు వారాలు ఒంటరిగా ఉండవద్దు. పెద్ద డోసుతో మొదలుపెడితే కొందరికి బాగుపడే ముందు జబ్బు కాస్త ముదురుతుంది. ఎక్కువగా మొదటి వారం, పది రోజుల్లో. అందుకే డాక్టర్లు చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, లేదా ఆస్పత్రిలో ఉంచి మొదలుపెడతారు. నాకు ఏడో రోజున మెడ నిలవలేదు. ఈ సంగతి ముందే తెలుసు కాబట్టి మందు పడలేదని ఆపేయకుండా, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశాం.

రోజూ పొద్దున, టిఫిన్ తిన్నాక వేసుకోండి. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు. రోజు మార్చి రోజు రాస్తే క్యాలెండర్లో ఆ తేదీలకు సున్నా చుట్టండి. 31వ తేదీ తర్వాత 1వ తేదీ రాగానే బేసి తేదీల లెక్క పెట్టుకున్నవాళ్ళందరూ తప్పులో కాలేస్తారు.

హఠాత్తుగా ఆపకూడదు. జబ్బు తిరగబెట్టడం ఒక్కటే కాదు భయం. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తుంటే మన ఒంటి గ్రంథి తన ఉత్పత్తి మానేస్తుంది. ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాంతులై మాత్ర కడుపులో నిలవని రోజున “రేపు వేసుకుందాంలే” అనుకోవద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి ఇంజెక్షన్ రూపంలో తీసుకోవాలి.

తగ్గించడం చాలా నెమ్మదిగా సాగుతుంది, నెలలు పడుతుంది. ప్రతి మెట్టు దిగినప్పుడు తేదీ రాయండి. ఫలానా డోసు కిందికి దిగినప్పుడల్లా నాకు తిరగబెడుతోంది అన్న సంగతి ఆ పుస్తకంలోనే బయటపడుతుంది. నా విషయంలో మూడేళ్ళ పుస్తకాలు ముందేసుకున్నాకే డాక్టర్‌కీ నాకూ ఆ గీత కనిపించింది.

స్టెరాయిడ్ వాడేవాళ్ళు చూసుకోవలసినవి:

షుగర్. ఇక్కడ అందరూ చేసే తప్పు పరగడుపు షుగర్ ఒక్కటే చూపించుకోవడం. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ మధ్యాహ్నం, సాయంత్రం షుగర్ పెంచుతుంది. పరగడుపున 95 ఉండి, భోజనం అయిన రెండు గంటలకు 240 ఉండొచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక రెండు గంటలకు చూసుకోండి.

ఎముకలు. కాల్షియం, విటమిన్ డి రాశారో లేదో అడగండి. ఎండ దండిగా ఉన్న ఊళ్ళోనే ఉన్నా మనం ఏసీ గదుల్లో గడుపుతాం. ఎక్కువకాలం వాడితే ఎముకల స్కాన్, అవసరమైతే ఎముక బలానికి వేరే మందు కూడా ఇస్తారు.

కళ్ళు. ఏడాదికోసారి శుక్లం, కంటి ప్రెషర్ చూపించుకోండి. కంటి ప్రెషర్‌కి చుక్కలు రాస్తే ఐదో మెట్టు చదివాకే కొనండి.

టీబీ. ఇంతకుముందు టీబీ వచ్చినా, ఇంట్లో ఎవరికైనా ఉన్నా మొదలుపెట్టకముందే చెప్పండి. స్టెరాయిడ్ నిద్రపోతున్న టీబీని లేపుతుంది.

ముఖం ఉబ్బడం గురించి: డోసు తగ్గేకొద్దీ అదీ తగ్గుతుంది. పెళ్ళి ఫోటోల కోసమని పది రోజులు ఆపి ఐసీయూలో చేరిన అమ్మాయి నాకు తెలుసు.

4. నెలల మందు: ఓపిక పట్టండి, రక్తపరీక్ష మాత్రం ఆపకండి

అజాథయోప్రిన్‌ను స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా ఇస్తారు. మొదలుపెట్టకముందే టీపీఎమ్‌టీ, ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్షలు చేయించాలా అని అడగండి. మనవాళ్ళలో రెండో దానిలోనే తేడాలు ఎక్కువగా కనిపిస్తాయి. తేడా ఉంటే మామూలు డోసుకే తెల్ల రక్తకణాలు పడిపోతాయి.

పరీక్ష చేయించినా చేయించకపోయినా సీబీపీ (రక్తకణాల లెక్క), లివర్ పరీక్షలు తప్పవు. సాధారణంగా మొదట్లో వారం వారం, తర్వాత నెలనెలా, ఆపైన మూడు నెలలకోసారి. మీ డాక్టర్ చెప్పిన తేదీలను క్యాలెండర్లో రాసుకోండి. “నాలుగుసార్లు చేయించాను, బాగానే ఉంది, ఇక ఎందుకు డబ్బు దండగ” అని ఆపేస్తారు చాలామంది. కణాలు పడిపోవడం రెండో ఏట కూడా జరగొచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక ల్యాబ్‌వాళ్ళు ఎర్రగా అచ్చేసిన అంకెలన్నీ చూసి హడలిపోవద్దు. స్టెరాయిడ్ తెల్లకణాల సంఖ్యను పెంచుతుంది, అజాథయోప్రిన్ ఎంసీవీని (ఎర్రకణాల సైజును) పెంచుతుంది. రెండూ డాక్టర్‌కి తెలిసిన విషయాలే. మీరు చూడాల్సింది తెల్లకణాలు 4000 కిందికి వచ్చాయా, ప్లేట్‌లెట్లు తగ్గుతున్నాయా, లివర్ ఎంజైములు పెరిగాయా అన్నది. అలా ఉంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయాలి.

ఇవి కనిపించినా అదే రోజు చెప్పాలి:

- మొదటి రెండు మూడు వారాల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు, వాంతులు. ఫ్లూ లాగే ఉంటుంది గానీ కొందరికి మందు పడకపోవడం అది.
- మొదటి నెలల్లో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోవడం. నూనె మార్చి చూద్దాం అనుకోవద్దు, సీబీపీ చేయించండి.
- ఎప్పుడైనా సరే 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, నోట్లో పుళ్ళు, కళ్ళు పచ్చబడటం.

పెద్ద ప్రమాదం ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. కాలి బొటనవేలు వాచి యూరిక్ యాసిడ్ అని తేలితే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ మాత్రలు రాస్తారు. ఇవి అజాథయోప్రిన్‌ను ఒంట్లో పేరుకునేలా చేస్తాయి. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ మాత్ర రాసే డాక్టర్‌కి మీరు అజోరాన్ వాడుతున్నారని మీరే చెప్పాలి.

ఇమ్యూనిటీని అణచే మిగతా మందులకు ఒక్కో మాట. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, పిల్లల కోసం ప్రయత్నించే ముందే, నెలల ముందే, డాక్టర్‌తో మాట్లాడాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. “మంగళవారం” అని స్ట్రిప్ మీదే రాసిపెట్టుకోండి. టాక్రోలిమస్ వాడేవాళ్ళు పంపరపనస తినొద్దు, రక్తంలో మందు స్థాయి చూసే రోజున పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్ళి రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. రిటుక్సిమాబ్ ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి.

ఇమ్యూనిటీ పెంచుతాయని తిప్పతీగ, అశ్వగంధ మాత్రలు తెచ్చిచ్చే బంధువులు మనందరికీ ఉన్నారు. మన జబ్బే ఇమ్యూనిటీ దారి తప్పడం. దాన్ని అణచడానికి మందు వాడుతూ, రెచ్చగొట్టడానికి ఇంకోటి మింగడమేమిటి? పైగా తిప్పతీగతో లివర్ దెబ్బతిన్నవాళ్ళ సంగతిని మన దేశ డాక్టర్లే నమోదు చేశారు. నొచ్చుకోకుండా తీసుకుని అల్మారాలో పెట్టేయండి.

థైమస్ (ఈ జబ్బుతో సంబంధం ఉన్న ఛాతీలోని గ్రంథి) తీసేసే ఆపరేషన్ అయినవాళ్ళు “ఇక మందులు ఉండవు కదా” అంటారు. 2016లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో 126 మందిని మూడేళ్ళపాటు చూశారు. ఆపరేషన్ అయినవాళ్ళకు స్టెరాయిడ్ తక్కువ డోసు సరిపోయింది. తక్కువైంది గానీ అందరికీ సున్నా కాలేదు. ఫలితం రావడానికీ నెలలు, ఏళ్ళు పడుతుంది.

5. కార్డు రాసుకోండి, ఎక్కడికెళ్ళినా చూపించండి

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. జబ్బు వచ్చిన మొదటి ఏడు. గ్రావిటర్ వల్ల రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలయ్యేవి. అది మందు వల్ల అని తెలియక మా వీధి చివర మందుల షాపుకి వెళ్ళి “మోషన్స్” అన్నాను. చీటీ అడగకుండానే ఆఫ్లాక్ససిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్రలు కోసిచ్చాడు. రెండో రోజు సాయంత్రానికి మంచినీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. ఆ రాత్రి ఆస్పత్రిలో చేరాను. విరేచనాలకు మందు వాడినందుకు ఊపిరి మీదికి వచ్చింది.

కార్డుకు ఒకవైపు: “నాకు మయస్థీనియా గ్రావిస్ ఉంది”, మీ మందులు, డోసులు, డాక్టర్ ఫోన్, ఇంట్లోవాళ్ళ ఫోన్. ఇంకోవైపు, డాక్టర్‌ని అడగకుండా వాడకూడనివి:

- సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ (పేరు చివర “ఫ్లాక్ససిన్” వస్తే ఆగండి)
- అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్
- జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు
- ప్రొప్రనలాల్, అటెనలాల్ లాంటి బీపీ, గుండెదడ మాత్రలు, టిమోలాల్ కంటి చుక్కలు
- క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, క్వినైన్
- మెగ్నీషియం ఇంజెక్షన్
- బొటాక్స్
- ఆపరేషన్‌లో కండలు సడలించే మందులు (మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలి)

కార్డు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రాయండి. ఇంట్లోవాళ్ళు చదవాలి, క్యాజువాలిటీ డాక్టరూ చదవాలి. ఇవి ప్రాణం నిలపడానికి తప్పకపోతే డాక్టర్లు జాగ్రత్తగా చూసుకుంటూ ఇస్తారు. అది వాళ్ళ నిర్ణయం. గొంతు నొప్పికి షాపులో మూడు మాత్రలు కోయించుకోవడం మాత్రం మానేయండి. జ్వరానికి పారాసిటమాల్‌తో చిక్కు లేదు.

పన్ను పీకించుకోవాలంటే పొద్దుటి అపాయింట్‌మెంట్ తీసుకుని, మాత్ర వేసుకున్న గంటలోపు కుర్చీలో కూర్చోండి. టీకాల విషయంలో ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోమనే చెబుతారు. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నవాళ్ళకు పనికిరావు. ఇంట్లో పసిపిల్ల టీకా కార్డు పట్టుకుని వెళ్ళినప్పుడు మీకూ ఏదైనా వేస్తామంటే ముందు అడగండి.

6. నెలకోసారి లెక్క చూసుకోండి

ఒకే తేదీన, ఒకే సమయంలో. ఎనిమిది ప్రశ్నలకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోండి: మాట, నమలడం, మింగడం, ఊపిరి, పళ్ళు తోముకోవడం లేదా తల దువ్వుకోవడం, కుర్చీలోంచి లేవడం, రెండుగా కనిపించడం, రెప్ప వాలడం. ఇబ్బంది లేకపోతే 0, బాగా ఎక్కువైతే 3. మొత్తం 24. డాక్టర్లు వాడే కొలత కూడా ఇదే. రెండు మార్కులు తగ్గితే నిజంగా గుణం వచ్చిందనే లెక్క. పెరిగితే ఫోన్ చేయండి.

పక్కనే గ్రావిటర్ వేసుకుని ఎంతసేపైందో రాయండి. పోయిన నెల మాత్ర వేసుకున్న గంటకి, ఈ నెల నాలుగు గంటలకి చూసుకుని “జబ్బు పెరిగింది” అని ఏడ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

యాంటీబాడీ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేయించి అంకె తగ్గిందా అని చూడకండి. జబ్బు నిర్ధారణకు అది అవసరం. మందు పనిచేస్తోందా అన్నది ఆ అంకె సరిగ్గా చెప్పదు, బిల్లు మాత్రం సరిగ్గా వస్తుంది.

ఎండాకాలం రెండు మూడు మార్కులు తేడా రావడం మామూలే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మన రెప్పలు నిలుస్తాయా? మే నెలలో పని పొద్దున పదింటిలోపు ముగించుకోండి. తడిగుడ్డ, కూలర్ కూడా మందు కిందే లెక్క.

7. మాత్రలు అయిపోకుండా చూసుకోండి

ప్రతి మెడికల్ షాపులోనూ పిరిడోస్టిగ్మిన్ ఉండదు. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొనండి. కోఠిలో మందుల షాపుల వరస ఉంది గానీ అక్కడికీ ఫోన్ చేసి కనుక్కునే వెళ్ళండి. పంజాగుట్ట నిమ్స్ లాంటి పెద్దాస్పత్రుల చుట్టుపక్కల షాపుల్లో దొరికే అవకాశం ఎక్కువ. ప్రెడ్నిసోలోన్ లాంటివి జన ఔషధి దుకాణాల్లో చవగ్గా వస్తాయి. కంపెనీ మారితే తేదీ రాసుకుని రెండు వారాలు గమనించండి.

కొన్నాక కౌంటర్ దగ్గరే స్ట్రిప్ మీద పేరు అక్షరం అక్షరం చదవండి. పిరిడాక్సిన్ అని బి6 విటమిన్ ఒకటుంది. పిరిడోస్టిగ్మిన్ బదులు అది చేతిలో పడితే రంగు, ఆకారం చూసి పట్టుకోలేం.

ప్రయాణంలో మాత్రలు రెండు చోట్ల పెట్టండి, సగం చేతిసంచిలో, సగం పెట్టెలో. సంక్రాంతికి విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర మూడు గంటలు ఇరుక్కున్నప్పుడు డిక్కీలోని మాత్ర అందదు. నుమాయిష్‌కి వెళ్ళినా అంతే, ఒక డోసు జేబులో ఉండాలి.

ఉపవాసాలు. రంజాన్ రోజా ఉండాలనుకుంటే నెల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. పగటి మాత్రలన్నీ సహర్‌లో కొన్ని, ఇఫ్తార్‌లో కొన్ని ఒకేసారి కలిపి మింగడం ప్రమాదం, రెండో మెట్టులో చెప్పిన అతి డోసు అదే. శివరాత్రి జాగారం, ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్ళకూ ఇదే మాట. మందు వేసుకున్నంత మాత్రాన వ్రతం చెడదని మా పురోహితుడే చెప్పాడు, మీవారినీ అడగండి.

8. ఇవి కనిపిస్తే ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకండి

నెలలో ఒకసారి బాగున్నప్పుడు ఈ పరీక్ష చేసి అంకె రాసుకోండి: కూర్చుని, నిండా ఊపిరి పీల్చి, ఒకే ఊపిరిలో పైకి లెక్కపెట్టండి, సెకనుకు రెండు అంకెల చొప్పున. నేను ఇంగ్లీషులో లెక్కపెడతాను. తెలుగులో ఇరవై దాటాక అంకెలు పొడుగు, ఊపిరి అక్షరాలకే సరిపోతుంది. ఏ భాషైనా ప్రతిసారీ అదే ఉండాలి. బాగున్న రోజు 40 దాకా వెళ్ళే మనిషి 20 చేరలేకపోతే ఆస్పత్రికి బయల్దేరాలి.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, మంచినీళ్ళకు పొలమారడం, తల ముందుకు వాలిపోవడం, దగ్గు బలంగా రాకపోవడం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం కూడా అదే లెక్క.

ఇక్కడ జరిగే ఘోరమైన తప్పు వేలికి ఆక్సీమీటర్ పెట్టి “97 ఉంది, పర్లేదు” అనుకోవడం. కరోనా రోజుల అలవాటు. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని ఆడించే కండలు అలిసిపోతాయి. ఆక్సిజన్ అంకె చివరిదాకా బాగానే ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. అంకె పడిపోయేదాకా ఆగారంటే ఆలస్యమైనట్టే.

వెళ్ళేటప్పుడు కార్డు, ఫైలు, ఆ రోజు వేసుకున్న మాత్రల టైములు రాసిన పేజీ తీసుకెళ్ళండి. సొంత బండి మీద వద్దు, 108కి ఫోన్ చేయండి. ఐసీయూ, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రి మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని కార్డు మీద రాసిపెట్టుకోండి, రాత్రి రెండింటికి వెతుక్కోవడం కుదరదు. అక్కడ ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) ఎక్కించడమో, ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసేయడం) చేయడమో డాక్టర్లు నిర్ణయిస్తారు. దారిలో నోటి ద్వారా ఏమీ పెట్టొద్దు, నీళ్ళు కూడా. తోడు వచ్చినవాళ్ళు క్యాజువాలిటీలో ముందుగా అనాల్సిన మాట ఇది: “ఈమెకు మయస్థీనియా ఉంది, ఊపిరి తగ్గుతోంది, స్టెరాయిడ్ రోజూ వాడుతోంది, ఈ కార్డు మీదున్న మందులు ఇవ్వకండి.” ఇంట్లోవాళ్ళతో ఒకసారి పైకి చెప్పించండి. మా ఆయన మొదటిసారి “మస్తీనియా” అన్నాడు, క్యాజువాలిటీలో ఎవరికీ అర్థం కాలేదు.